గంట ఆనందయ్య

దొరపల్లెలో ముగ్గురు ఆనందయ్యలు ఉండేవాళ్లు. మేకలు కాసేవాడు మేకల ఆనందయ్య. బట్టలు కుట్టేవాడు మిషను ఆనందయ్య. చర్చి గంట కొట్టేవాడు గంట ఆనందయ్య. మేకల ఆనందయ్య, మిషను ఆనందయ్య ఒకే పొద్దున పోయారు. గంట ఆనందయ్య ఉన్నాడు గానీ, గంట కొట్టడం మానేశాడు.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో, రోడ్డు దిగి మట్టి బాట పడితే దొరపల్లె వస్తుంది. మొత్తం క్రైస్తవుల ఊరు. తాతల కాలంలో ఎవరో తెల్లదొర వచ్చి బాప్తీస్మాలిచ్చి పోయాడు, పేరు మిగిలింది. చర్చి కట్టుకోవడానికి పక్క ఊరి భూస్వాములు దొరకు ఇచ్చిన జాగా, వాననీళ్లు పారే వంక ఒడ్డున పల్లం. జొన్న కూడా మొలవని జాగా కాబట్టే దానంగా వచ్చింది. దొర అక్కడే నల్లరాళ్లతో చర్చి కట్టించాడు. పల్లంలో గంట కడితే పొలాల్లో కూలికి పోయినవాళ్లకు వినపడదని, గంటను మాత్రం ఊరికి ఎగువనున్న మిట్ట మీద రెండు రాతి కంబాల మధ్య వేలాడదీయించాడు. అందుకే దొరపల్లెలో గంట ఒకచోట, గుడి ఒకచోట. చర్చిని ఆ ఊళ్లో గుడి అనే అంటారు.

ఆ గంట తాడు ఆనందయ్య తాత పట్టాడు, నాయన పట్టాడు, ఆనందయ్య పట్టాడు. జీతం లేదు. క్రిస్మస్‌కు ఒక పంచె, పంట కోతలప్పుడు తలా ఒక చేటెడు జొన్నలు. మిగతా రోజుల్లో కూలి పని. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కొన్నాళ్లు బస్తాలు కూడా మోశాడు. ఆదివారం గంట తప్పిపోతుందని ఆ పని వదిలేసి వచ్చాడు.

"నీకు దేవుడు రెండు చేతులిచ్చింది తాడు పట్టుకునేదానికే. గరిటె పట్టుకునేదానికి నన్ను పుట్టిచ్చినాడు," అనేది భార్య లీలమ్మ. చర్చి ఊడ్చేది ఆమె, చాపలు పరిచేది ఆమె. ఇద్దరూ ఆదివారం పొద్దున్నే ఇంట్లోంచి కలిసి బయల్దేరేవాళ్లు. బాట చీలేచోట అతను మిట్టకు, ఆమె పల్లానికి. మళ్లీ కలుసుకునేది వాక్యం మొదలయ్యాకే.

ఆ గంటకు మూడు తీర్లు ఉన్నాయి. ఆదివారం గంట నిదానంగా, ఊగుతూ మోగుతుంది. చావు గంట ఒక్కొక్క దెబ్బ, మధ్యలో చాలాసేపు ఏమీ ఉండదు. మూడోది దడగంట. ఊపిరి తీసుకోకుండా కొట్టేది. ఆనందయ్య చిన్నప్పుడు, చుట్టుపక్కల ఊళ్లలో పార్టీలు కొట్టుకుంటున్న రోజుల్లో, నాటుబాంబుల మోత వినపడగానే నాయన దడగంట కొట్టేవాడు. కూడు తింటున్నవాళ్లు చేతులు కడుక్కోకుండా, పిల్లలను చంకన వేసుకుని గుడిలోకి పరిగెత్తేవాళ్లు. లోపల అడ్డగడియ పెట్టుకునేవాళ్లు. రెండు పార్టీలవాళ్లూ ఎన్ని తలలు నరుక్కున్నా, గుడి తలుపు మాత్రం ముట్టుకోలేదు. ఆ ఏళ్లలో పక్క ఊళ్లన్నీ మనుషులను పోగొట్టుకున్నాయి, దొరపల్లెలో ఒక్క మనిషి పోలేదు. అందుకని దడగంట మోగితే ఏం చేయాలో ఆ ఊళ్లో ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. గుడి, గడియ, అంతే.

తర్వాత బాంబులు పోయాయి, రైలు వచ్చింది. ఎర్రగుంట్ల నుంచి నంద్యాల వైపు వేసిన లైను దొరపల్లె వంక పక్కనుంచే పోతుంది. చర్చి వెనక గోడకూ పట్టాలకూ మధ్య వంక, నాలుగు తుమ్మచెట్లు. మొదట్లో పిల్లలు చేతులూపేవాళ్లు. కొన్నాళ్లకు తెల్లటి ట్యాంకుల బండ్లు రావడం మొదలైంది. ఎరువుల కంపెనీకి అమోనియా తీసుకుపోయేవి అవి. వ్యాగన్లు కంపెనీ సొంతవి, వాటి బాగోగులు కూడా కంపెనీవే. కంపెనీ ఎక్కడుందో దొరపల్లెలో ఎవరూ చూడలేదు. కంపెనీ అంటే వాళ్లకు గోపీకృష్ణే.

గోపీకృష్ణది ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారం చేసే కుటుంబం. అంగడిలో కూర్చోవడం ఇష్టం లేక కంపెనీలో చేరాడు. ఊళ్లతో మాట్లాడటం అతని ఉద్యోగం. నిరుడు ఒకరోజు కారులో వచ్చి, మిట్ట మీద గంట పక్కనే ఒక ఇనుప స్తంభం పాతించాడు. దాని మీద సైరన్ వస్తుందట. గ్యాస్ లీకైతే దానంతట అదే మోగుతుందట. మోగితే ఎటు పోవాలో చెప్పడానికి ఊళ్లో మీటింగు పెడతారట. రిబ్బన్ కట్టారు, కత్తిరించారు, ఫొటోలు తీసుకున్నారు, పిల్లలకు బిస్కెట్లు పంచారు.

"ఇంక నీ గంటకు రిటైర్మెంట్, పెద్దాయనా," అన్నాడు గోపీకృష్ణ, ఆనందయ్య భుజం తట్టి.

"పెన్షన్ ఇస్తారా సార్ దానికి?" అన్నాడు ఆనందయ్య.

అందరూ నవ్వారు. పక్క ఊరినుంచి వచ్చి ఆటో తోలే పీర్ సాహెబ్ స్తంభాన్ని తల ఎత్తి చూసి, "సైరన్ యాడుంది అన్నా? నాకు కండ్లు సరిగ్గా అగపడవా, ల్యాక అది దేవుని మాదిరి అగపడకుండా ఉండాదా?" అన్నాడు.

"వస్తుంది పీరూ, ఆర్డర్ పెట్టినాం."

సైరన్ రాలేదు. మీటింగూ పెట్టలేదు. స్తంభం మీద కాకులు కూర్చునేవి. లీలమ్మ దానికి తాడు కట్టి బట్టలు ఆరేసేది.

ఆ పొద్దు డిసెంబరు నెల. బాగా తెల్లవారింది, కానీ మంచు ఇంకా విడవలేదు. ఆనందయ్య మిట్ట మీద తన రెండు గొర్రెలకు తుమ్మకాయలు రాలుస్తున్నాడు. కిందనుంచి పెద్ద చప్పుడు వచ్చింది. ఇనుము ఇనుమును కొరికినట్టు, చాలాసేపు ఆగని చప్పుడు. ట్యాంకుల బండిలో ఒక వ్యాగన్ చక్రం వేడెక్కి కాలి విరిగి, వ్యాగన్ పక్కకు పడిందని, ఆ చక్రాన్ని మార్చాల్సిన తేదీ ఎప్పుడో దాటిపోయిందని తర్వాత తెలిసింది. అప్పుడు అతనికి కనపడింది మంచు లాంటిదే, కానీ మంచు కంటే తెల్లటిది. వంక వెంబడి పాకుతూ వస్తోంది. మంచు పైకి లేస్తుంది, ఇది నేలను పట్టుకుని వస్తోంది. తుమ్మచెట్ల మీది కొంగలు లేచి, కాస్త దూరం ఎగిరి, రాళ్ల మాదిరి కింద పడ్డాయి. అంతలో వాసన తగిలింది. కళ్లలో కారం కొట్టినట్టయింది.

అతను కర్ర పారేసి గంట దగ్గరికి పరిగెత్తాడు. దడగంట కొట్టాడు.

జనం లేవాలి, ఊరు వదిలి పోవాలి. అతని మనసులో ఉన్నది అంతే. తలుపులు తెరుచుకున్నాయి. మనుషులు వీధిలోకి వచ్చారు, దగ్గుతున్నారు, ముఖాలకు కొంగులు అడ్డం పెట్టుకుంటున్నారు. తర్వాత అందరూ ఒకేవైపు పరిగెత్తడం మొదలుపెట్టారు. పల్లానికి. గుడికి. తెల్లటిది వస్తున్న వైపుకే.

అందరికంటే ముందు లీలమ్మ. తలుపు తాళం ఆమె దగ్గరే ఉంటుంది కదా.

అతను ఏం చేశాడంటే, ఇంకా గట్టిగా కొట్టాడు. ప్రమాదం ఎంత పెద్దదైతే అంత గట్టిగా కొట్టాలని నాయన నేర్పాడు. చేతులకు తెలిసింది అదే. తాడు లాగుతూ "పైకి రాండి! మిట్టకు రాండి!" అని అరిచాడు. ఆ అరుపు గంట మోతలో అతనికే వినపడలేదు. గంటే వాళ్లను గుడికి పిలుస్తోందని తట్టి తాడు వదిలేసరికి, గుడి తలుపు మూసుకుంది.

కిందికి దిగబోతే సగం దారిలోనే ఊపిరి ఆడక పడిపోయాడు. తలుపు పగలగొట్టింది పీర్ సాహెబ్. రోడ్డు మీదినుంచి చూసి, తువ్వాలు నీళ్లలో తడిపి ముఖానికి చుట్టుకుని, ఆటోలోని జాకీ రాడ్డు పట్టుకుని వచ్చాడు. చాలామందిని ఈడ్చుకొచ్చాడు. ఆ ఆటోలో ప్రొద్దుటూరు ఆసుపత్రికి మనుషుల మీద మనుషులను వేసుకుని తిరిగాడు. అయినా పదకొండు మంది పోయారు. ఇంకొంతమందికి చూపు పోయింది. రాతి గోడల గుడి, పైన గాలి కంతలు, కింద వంక. వచ్చిందంతా లోపలికి వచ్చి అక్కడే నిలిచిపోయింది. లీలమ్మ తలుపు దగ్గరే ఉంది. అడ్డగడియ మీద చేయి ఉందని పీర్ సాహెబ్ ఆమె కూతురు తబితాకు చెప్పాడు. ఆనందయ్యకు చెప్పలేదు.

పదకొండు పెట్టెలకూ గంట మోగలేదు. ఎవరూ అడగలేదు, అతనూ మిట్ట ఎక్కలేదు.

ఆ తర్వాత అందరూ వచ్చారు. మంత్రులు, టీవీ వ్యాన్లు, కంపెనీ పెద్దలు. కళ్లు తుడుచుకున్నారు, నష్టపరిహారం అన్నారు, ఎవరినీ వదలం అన్నారు. గోపీకృష్ణ కూడా వచ్చాడు. కారు దిగలేదు. అద్దం సగం దించి చూసి వెళ్లిపోయాడు.

జమ్మలమడుగులో సర్కారు విచారణ మొదలయ్యేసరికి ఎండాకాలం వచ్చింది. కంపెనీ తరఫున హైదరాబాద్ నుంచి వకీలు వచ్చాడు. అతని వాదం అప్పటికే పేపర్లో వచ్చింది. వ్యాగన్ పడిపోవడం దురదృష్టమే. కానీ వ్యాగన్ పడినందుకు మనుషులు చనిపోలేదు. ఎవరి ఇళ్లలో వాళ్లుంటే, లేదా పైకి నడిచి ఉంటే, ఇంత నష్టం జరిగేది కాదు. ఎవరో బాధ్యత లేకుండా గంట కొట్టి జనాన్ని గ్యాస్‌లోకి పిలిచారు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు సంజీవ్ అయ్యగారు ఆనందయ్య ఇంటికి వచ్చాడు. గుడి ఇంకా తాళంలోనే ఉంది, ప్రార్థన వీధిలో పందిరి కింద జరుగుతోంది. పులివెందుల బడిలో పంతులమ్మగా పనిచేసే కూతురు తబితా కూడా అప్పుడు ఇంట్లోనే ఉంది.

"మన వకీలుతో మాట్లాడినా పెద్దాయనా," అన్నాడు అయ్యగారు, మంచం అంచున కూర్చుని. "గంట మోగలేదని అందరం ఒక్కమాట మీద ఉందాం. క్రిస్మస్ ముందు పొద్దుపొద్దున్నే ప్రార్థన పెట్టుకుంటాం గదా. దానికే వచ్చినారు అందామంట. గంట మాట లేకపోతే కంపెనీకి ఆ దారి మూసుకుపోతుంది."

ఆనందయ్య చెంబెత్తి ఒక గుక్క నీళ్లు తాగాడు. గ్యాస్ తగిలినప్పటినుంచి గొంతు బొంగురు. మాట్లాడితే దగ్గు వస్తుంది.

"నాయనా, నువ్వు పోనే పోవద్దు," అంది తబితా. "వాళ్లు నిన్ను ఆడ నిలబెట్టి నీతోనే అమ్మను చంపినానని చెప్పిస్తారు. ఆ మాట నీ నోట నేను వినలేను. నాతో పులివెందులకు రా. జబ్బుగా ఉండాదని చెప్తా."

పందిరి దగ్గరనుంచి సుశీలమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది. మిషను ఆనందయ్య భార్య. ఒక కన్ను పోయింది, రెండోది మసక. ఆ పొద్దు తర్వాత ఆమె ఈ ఇంటి వాకిలి తొక్కడం అదే మొదలు.

"గంట మోగలేదా అయ్యగారూ?"

"అమ్మా, అది కోర్టు సంగతి..."

"నేను విన్యా. నా మొగుడు బట్టకు కత్తెర పెట్టినోడు పెట్టినట్టే వదిలేసి లేచినాడు. దడగంట, లెయ్యి అన్యాడు. నన్ను చెయ్యి పట్టి ఈడ్చకపోయినాడు." ఆమె ఆనందయ్య వైపు తిరిగింది, కళ్లు అతని మీద సరిగ్గా నిలవలేదు. "నువ్వు కొట్టినావు మామా, మేం పోయినాం. నిన్ను నేను తిట్టని పొద్దు ల్యాదు. కానీ గంట మోగలేదని మాత్రం అనొద్దు. మోగకుంటే నా మొగుడు ఆడికి ఎందుకు పోయినట్టు? ఎవురూ పిలవకుండానే పిచ్చోని మాదిరి గ్యాస్‌లోకి పోయినాడా?"

అయ్యగారు కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"మోగింది సుశీలా," అన్నాడు ఆనందయ్య. "నేనే కొట్టినా. చెప్తా."

జమ్మలమడుగు ఆఫీసులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి లేదు. పీర్ సాహెబ్ ఆటోలో తీసుకొచ్చి, లోపలికి పోనివ్వకపోతే కిటికీ దగ్గర నిలబడ్డాడు. విచారణ అధికారి ముందు ఆనందయ్యను నిలబెట్టారు. కంపెనీ వకీలు చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, నీళ్లు ఇప్పించాడు.

"ఆ రోజు గంట కొట్టింది మీరేనా పెద్దాయనా?"

"నేనే."

"అలా వేగంగా గంట కొడితే మీ ఊరివాళ్లు ఎక్కడికి వెళతారు?"

"గుడిలోకి."

"అది మీకు ముందే తెలుసు."

"మా నాయన కాలం నుంచి తెలుసు."

"గుడి ఎక్కడ ఉంది?"

"వంక పక్కన."

"మీరు చూసినప్పుడు గ్యాస్ ఎక్కడ ఉంది?"

ఆనందయ్యకు దగ్గు వచ్చింది. వకీలు ఓపిగ్గా ఆగాడు.

"వంకలో."

"అంతే సార్," అని వకీలు కూర్చున్నాడు. అతని ముఖంలో సంతోషం కూడా లేదు. రోజూ చేసే పని చేసుకున్నట్టు కాగితాలు సర్దుకున్నాడు.

"ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగాడు అధికారి.

ఆనందయ్య కుర్చీలోంచి లేచాడు. దారంతా మనసులో కూర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, కంపెనీవాళ్ల వైపు చేయి చూపించాడు.

"సార్, మా గంటకు రమ్మనేదే వచ్చు. పొమ్మనేది రాదు. పొమ్మని చెప్పేదానికే గదా ఈ సార్లు నా గంట పక్కన స్తంభం పాతినారు. యాడికి పోవాలో చెప్తామన్యారు. ఫొటో గూడా తీసుకున్యారు. ఆ ఫొటోలో నేనూ ఉండా. స్తంభం మీద ఏం ల్యాదు సార్. నా పెండ్లాం బట్టలుండె. అంతే."

అధికారి కలం ఆపి అతని వైపు చూశాడు. వకీలు లేచి, సైరన్ విషయం వ్యాగన్ విచారణ పరిధిలోకి రాదన్నాడు. అధికారి ముందున్న ఫైలు తిరగేసి, అది వేరే అంశం అన్నాడు. టైపు కొట్టే అమ్మాయి అప్పటికే ఆగిపోయి ఉంది.

బయట పీర్ సాహెబ్ ఆటో స్టార్ట్ చేయలేదు. హ్యాండిల్ మీద తల ఆనించుకుని కూర్చున్నాడు.

"నువ్వు చెప్పింది అందరూ విన్యారు అన్నా," అన్నాడు చివరికి.

"వకీలు చెప్పింది గూడా విన్యారు పీరూ. ఆయన అబద్ధం చెప్పల్యా."

నివేదిక వానాకాలంలో వచ్చింది. పేపర్లో జిల్లా పేజీలో, ఒక సినిమా హాలు ప్రకటన పక్కన వేశారు. వ్యాగన్ల నిర్వహణలో కొన్ని లోపాలున్నాయని, కంపెనీ వాటిని సరిదిద్దుకోవాలని రాశారు. స్థానికంగా గంట మోగించడంతో జనం ఒకేచోట గుమిగూడటం ప్రాణనష్టం పెరగడానికి ముఖ్య కారణమని రాశారు. ఎవరి మీదా కేసు లేదు. కాలిపోయిన చక్రం ఏ షెడ్డులో ఉందో, తేదీ దాటినా దాన్ని నడిపించిన మనిషి ఏ ఏసీ గదిలో ఉన్నాడో పేపర్లో లేదు. తబితా పులివెందులలో ఆ పేపరు చూసి, తండ్రికి ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా ఏడ్చి పెట్టేసింది. అతనికి అప్పటికే తెలుసు. ఊళ్లో ఎవరో పెద్దగా చదువుతుంటే విన్నాడు. ఆ తర్వాత ఊళ్లో అతనితో మాట్లాడేవాళ్లు మాట్లాడుతున్నారు, ముఖం తిప్పుకునేవాళ్లు తిప్పుకుంటున్నారు. చదివి వినిపించిన కుర్రవాడు రెండు రకాలూ చేశాడు.

ఆనందయ్య గంట తాడును కంబానికి చుట్టి ముడి వేశాడు. ఇప్పుడు ఆదివారం జనం సెల్‌ఫోన్లో టైము చూసుకుని వస్తున్నారు. గుడికి కొత్త తలుపులు పెట్టారు. అతను లోపలికి పోడు, మెట్ల మీదే కూర్చుంటాడు. తాళం మాత్రం అతని దగ్గరే ఉంటుంది, లీలమ్మ మొలకు కట్టుకున్న తాడుకే.

కంపెనీ నివేదికను గౌరవించింది. సైరన్ తెచ్చి స్తంభం మీద పెట్టింది.

గోపీకృష్ణను ఎక్కడికో బదిలీ చేశారు. కొత్తగా వచ్చినతను, ఊళ్లో ఒక్కరికీ చెప్పకుండా, ఒక మధ్యాహ్నం మిట్ట మీద నిలబడి సైరన్ పరీక్ష పెట్టాడు. దొరపల్లెలో ఆ చప్పుడు ఎవరూ ఎప్పుడూ వినలేదు. కూలినుంచి వచ్చి కంచాల ముందు కూర్చున్నవాళ్లు లేచారు. ఏం చప్పుడో తెలియకపోయినా ప్రమాదమని తెలిసింది. ప్రమాదమైతే కాళ్లు ఎటు పోవాలో కాళ్లకు తెలుసు. అంత జరిగాక కూడా, ముసలివాళ్లు, పిల్లలను చంకనేసుకున్న ఆడవాళ్లు, పల్లం వైపు పరిగెత్తారు.

ఆనందయ్య అప్పుడు గుడి మెట్ల మీదే ఉన్నాడు. వాళ్లు వస్తుండటం చూశాడు. ఆ పొద్దు పైనుంచి వీపులు చూశాడు, ఇప్పుడు ముఖాలు చూస్తున్నాడు. లేచి తలుపుకు వీపు ఆనించి రెండు చేతులూ చాచాడు.

"రావద్దు! లోపలికి రావద్దు! మిట్టకు పోండి!"

"యాడికి మామా?" ముందు వచ్చిన సుశీలమ్మ అతని గొంతు గుర్తుపట్టి ఆగింది.

"పైకి సుశీలా! అందరినీ తోలుకొని పైకి పో!"

ఆమె తిరిగి చేతులూపింది. జనం ఆగారు, ఒకరినొకరు గుద్దుకున్నారు, తర్వాత వెనక్కి మళ్లి మిట్ట ఎక్కడం మొదలుపెట్టారు. పైన కంపెనీ మనిషి ఫోన్లో వీడియో తీస్తూ ఎదురొచ్చాడు. "ఏం లేదు, ఏం లేదు, టెస్టింగే," అని నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. మేకల ఆనందయ్య కొడుకు అతని చేతిలోని ఫోన్ లాక్కుని వంక వైపు విసిరేశాడు.

సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. దాన్ని ఆపడం కంపెనీ మనిషికి సరిగ్గా తెలియలేదు. పీర్ సాహెబ్ గుడి దగ్గరికి వచ్చి, "పా అన్నా, ఏం ల్యాదంట, ఉత్త చప్పుడంట," అని చేయి పట్టి లాగాడు.

ఆనందయ్య రాలేదు. తాళం వేసి ఉంది, లోపల ఎవరూ లేరు. అది అతనికి తెలుసు. అయినా సైరన్ ఆగేదాకా, చాచిన చేతులతో ఆ తలుపుకు అడ్డంగా నిలబడే ఉన్నాడు.